బోనులోంచి చూపిన వేలు

వార్న్‌బరీ కోర్టులో ఆ సోమవారం పొద్దున బారిస్టర్ల బెంచీ మీద పదకొండు విగ్గులు వరసగా కూర్చున్నాయి. పది విగ్గుల ముందు ఎర్రనాడా కట్టిన కేసు కాగితాల కట్టలున్నాయి. పదకొండో విగ్గు లయొనెల్ వెరల్‌ది. అతని ముందు ఒక్కటే తెల్లకాగితం. దాని మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ, గురువారం మ్యాచ్‌లో ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలా అని తెగ ఆలోచిస్తున్నాడు. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. బారిస్టరై ఏడేళ్లయింది. వార్న్‌బరీ జనానికి అతను బారిస్టరన్న సంగతి ఏడాదికి రెండుసార్లు, లండన్ నుంచి జడ్జిగారు దిగినప్పుడు మాత్రమే గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో అతను కౌంటీ జట్టుకి మొదటి బ్యాట్స్‌మన్. అతనికీ ఆ పేరే ఇష్టం.

"జేబెజ్ టాప్సెల్!" అని గుమాస్తా పిలిచాడు.

పెన్సిలు ఆగింది. టాప్సెల్ అంటే కౌంటీ మైదానంలో జీతానికి బంతులు వేసే మనిషి. వాణ్ణి పోలీసులు పట్టుకెళ్లారని మూడు వారాల క్రితమే వెరల్‌కి క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరిదో గడ్డివాము తగలబెట్టాడట అని రాశారు. ఏ రోజు తగలబడిందో రాయలేదు. ఇతనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అనే భయం లోపలెక్కడో ఉంది కాబట్టే అడగలేదు. అవసరమైతే ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారులే అని ఊరుకున్నాడు. ఎవరూ రాలేదు.

గుమాస్తా నేరం చదివాడు. జూన్ పదమూడో తేదీ సాయంత్రం ఏడు గంటలకీ ఎనిమిది గంటలకీ మధ్య, రైతు బోడిల్‌గారి గడ్డివాముకి దురుద్దేశంతో నిప్పు పెట్టాడని.

జూన్ పదమూడు. వెరల్ తల ఎత్తకుండా కాగితం మీది చుక్కల్ని చూస్తూ ఉండిపోయాడు.

"నీ తరఫున మాట్లాడేవాళ్లెవరైనా ఉన్నారా?" అని జడ్జి హాల్బర్ట్‌గారు అడిగారు.

"లేరు దొరా."

"చేతిలో గినీ ఉందా?"

"ఉంది దొరా. తెచ్చుకున్నాను."

"అయితే అదిగో, ఆ కూర్చున్నవాళ్లలో ఎవరు కావాలో చూపించు."

ఈ కోర్టుల్లో అదొక పాత ఆచారం. బోనులో నిలబడ్డవాడి దగ్గర ఫీజుకి ఒక్క గినీ నాణెం ఉంటే చాలు, విగ్గు పెట్టుకున్నవాళ్లలో ఎవర్నయినా వేలెత్తి చూపించవచ్చు. సరైన కారణం లేకుండా ఆ బారిస్టరు కాదనడానికి లేదు. అందుకే ఆ ఘడియ వచ్చేసరికి పెద్ద బారిస్టర్లందరికీ ఉన్నట్టుండి బూటు లేసులు గుర్తొస్తాయి. కేసుల్లేని కుర్రకారు మెడలు చాస్తారు. ప్రాసిక్యూషన్ వైపున్న క్రేల్ అయితే వెరల్ చెవిలో, "తల దించుకోవోయ్, లేకపోతే నీ పీకకి చుట్టుకుంటుంది" అని నవ్వాడు.

వెరల్ తల దించుకునే ఉన్నాడు. దించుకుని ఏం లాభం! బోను కమ్మీ మీదుగా ఒక వేలు లేచింది. కుడిచేతి చూపుడువేలు. బంతి కుట్టు ఒరుసుకుని ఒరుసుకుని చర్మం దళసరెక్కి, కొన దగ్గర చీలిపోయి, మళ్లీ అతుక్కుని, మళ్లీ చీలిన వేలు. ఆ మనిషి మొహం ఎంత బాగా తెలుసో ఆ వేలూ అంత బాగానూ తెలుసు వెరల్‌కి. తొమ్మిదేళ్లుగా ప్రతి వేసవీ అది బంతి పట్టుకుని తనకేసి వస్తూనే ఉంది.

"వెరల్ దొరగారు" అన్నాడు టాప్సెల్.

గ్యాలరీలో జనం గొల్లుమన్నారు. "ఓరి నీ! లాయర్ని ఎంచుకోరా అంటే బ్యాట్స్‌మన్ని ఎంచుకున్నాడు" అని ఎవరో అన్నారు. బంట్రోతు అదిలించాడు. టాప్సెల్ మాత్రం నవ్వలేదు, కంగారు పడలేదు. చెయ్యాల్సిన పని చేసేసినవాడిలా కుడిభుజం కిందికి వేలాడేసుకుని నిలబడ్డాడు. బంతులు వేసి వేసి ఆ భుజం అలా జారిపోయింది.

అప్పుడే లేచి, "మైలార్డ్, నేనితని కేసు పట్టకూడదు. నేనితని సాక్షిని" అంటే సరిపోయేది. అంతకన్నా సరైన కారణం ఏ బారిస్టరుకైనా ఉంటుందా! ఒక్క వాక్యం. వెరల్ లేచాడు. గౌను సర్దుకున్నాడు. "తమ దయ, మైలార్డ్. ముద్దాయితో మాట్లాడ్డానికి కాస్త వ్యవధి కావాలి" అన్నాడు.

"రేపు పొద్దున పది గంటలకి" అన్నారు జడ్జిగారు.

కోర్టు కింద గదులు వేసవిలో కూడా చెమ్మగానే ఉంటాయి. కాపలావాడు తలుపు తీసి, మర్యాదగా దూరంగా వెళ్లి నిలబడ్డాడు. టాప్సెల్ బల్ల మీంచి లేచి, లేని టోపీ కోసం నుదుటికి చెయ్యి పెట్టుకున్నాడు.

"కూర్చో, కూర్చో."

"ఫర్లేదు దొరా. నుంచుంటాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. ఇంకో దారి కనపళ్లేదు."

"మేజిస్ట్రేటు దగ్గర ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదండీ. ఆ సాయంత్రం ఎక్కడున్నావురా అన్నారు. చెప్పనన్నాను. మీరు చెప్పొద్దన్నారుగా మరి."

చెప్పొద్దన్న మాట నిజమే. జూన్ పద్నాలుగున పక్క ఊరి కోర్టులో డ్యూడ్నీ అనే విధవరాలి ఇంటి తగాదాలో అతను వాదించాలి. అదే వారంలో లండన్‌లో పెద్దమ్యాచ్‌కి జట్టును ఎంచుకునేవాళ్లు తన ఆట చూడ్డానికొస్తున్నారు. ఆఫ్ స్టంపు అవతల పడి లోపలికి తిరిగే బంతికి తను పదేపదే అవుటవుతున్నాడు. అది సరిదిద్దుకోవాలి. కేసు కాగితాలు చదువుతూ కూర్చుంటే ఆ సాధన కుదరదు. గొంతు వాచిపోయింది, లండన్‌లో మంచం మీదున్నాను అని ఆ కేసు తనకి అప్పగించిన అటార్నీకి ఉత్తరం రాసిపడేసి, మధ్యాహ్నం రైల్లో దిగి, మైదానం వెనక గేటు నుంచి లోపలికొచ్చాడు. మైదానం కాపరి ఆ రోజు ఊళ్లో లేడు. ఉన్నది వాళ్లిద్దరే. టాప్సెల్ నాలుగు నుంచి తొమ్మిది దాకా, జూన్ నెల పొడుగాటి వెలుగు చచ్చేదాకా, అదే చోట అదే బంతి వేశాడు. చివర్లో వెరల్, "నేనిక్కడికి వచ్చినట్టు ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకు, టాప్సెల్" అని చెయ్యి చాపాడు. వాళ్లిద్దరూ చెయ్యి కలపడం అదే మొదటిసారి. జీతం లేకుండా సరదాకి ఆడే జెంటిల్మెన్ లోపలికెళ్లే తలుపు వేరు, జీతగాళ్లు వెళ్లే తలుపు వేరు. స్కోరు కార్డులో కూడా ఒకరి పేరుకి ముందు మిస్టర్ ఉంటుంది, రెండోవాడిది ఉత్త పేరే. అలాంటి దొర చెయ్యి చాపితే టాప్సెల్ తన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మరీ కలిపాడు.

"నాకొక కబురు పంపొచ్చుగా!" అన్నాడు వెరల్, కోపంగా. ఎవరి మీద కోపమో అతనికే తెలీదు.

"నాకు రాయడం రాదు కదండీ. ఎవరిచేతైనా రాయించాలంటే వాడికి సంగతంతా చెప్పాలి. చెప్తే ఇంక మాట నిలబెట్టుకున్నట్టేముంది? అందుకని ఆగాను. జడ్జిగారొచ్చినప్పుడు మీరెలాగూ కోర్టులో కూర్చుంటారు. మిమ్మల్నే పెట్టుకున్నానంటే మధ్యలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మీరే లేచి చెప్పేస్తారు, వీడు ఆ సాయంత్రం నాతోనే ఉన్నాడని. తమరు చెప్తే కాదనే మొనగాడెవడు?" టాప్సెల్ మొహంలో చిన్న గర్వం. మూడు వారాలు జైల్లో కూర్చుని, ఎవరి సలహా లేకుండా తనంతట తనే పన్నుకున్న ఎత్తు అది.

వెరల్ విగ్గు తీసి చేత్తో పట్టుకున్నాడు. నుదుటి మీద దాని గుర్తు ఎర్రగా పడింది.

"టాప్సెల్, నేను నీ తరఫున వాదిస్తే సాక్ష్యం చెప్పకూడదు. నా కళ్లతో చూసిందైనా సరే, జూరీ ముందు అనకూడదు."

"అదేంటండీ! దారినపోయేవాడెవడైనా చెప్పొచ్చు, తమరు మాత్రం చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

"పోనీ నేను చెప్తాను."

"నువ్వసలే చెప్పకూడదు. ముద్దాయి చేత ప్రమాణం చేయించరు. బారిస్టరు ఉన్నాడంటే నీ నోరు నేనే."

టాప్సెల్ చిన్నగా నవ్వాడు. "బాగుందండీ వరస! అక్కడున్నది మనిద్దరం. ఇద్దరమూ నోరు మూసుకోవాలి." నవ్వు ఆపేసి, "పోనీ మీరా గౌను విప్పేసి సాక్షి మెట్లెక్కితే?" అన్నాడు.

"ఎక్కొచ్చు. అప్పుడు నీ తరఫున ఇంకెవరైనా వాదించాలి."

"ఏది మంచిదంటారు దొరా? నాకేం తెలుసు. మీరే చెప్పండి."

పైన కోర్టులో ఇంకో కేసు నడుస్తోంది. ఎవరివో బూట్లు కలప నేల మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. సాక్షి మెట్లెక్కితే క్రేల్ అడిగే మొదటి ప్రశ్న ఏదో వెరల్‌కి ముందే వినిపించింది. "జూన్ పదమూడున తమరు లండన్‌లో గొంతు వాచి మంచం మీద లేరూ?" లేను అంటే ఊరంతా వింటుంది. అటార్నీలు వింటారు. డ్యూడ్నీ ఇల్లు పోగొట్టుకున్న సంగతి అందరికీ తెలుసు. ఆటకోసం కక్షిదారుని ముంచినవాడికి మళ్లీ ఈ జన్మలో ఎవడూ కాగితం కట్ట ఇవ్వడు. ఏ క్లబ్బు తలుపూ తెరుచుకోదు.

"నేను వాదించడమే మంచిది" అన్నాడు వెరల్. "వాళ్ల సాక్ష్యం ఏమంత గట్టిది కాదు. నిన్ను చూశానన్న ఆ పాలపిల్ల మాటల్ని ముక్కలు ముక్కలు చేస్తాను, చూడు."

"అంతే అంటారా? అయితే అలాగే కానివ్వండి" అన్నాడు టాప్సెల్ వెంటనే. "లెగ్ వైపు వెయ్యమంటే లెగ్ వైపు, ఆఫ్‌కి వెయ్యమంటే ఆఫ్‌కి. ఇన్నేళ్లూ తమరు చెప్పినట్టే వేశాను."

వెరల్ మెట్లెక్కి బయటికొచ్చేసరికి అటార్నీ పిల్బీమ్ ఎదురొచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ చంకలో కాగితాలతో ఉండే మనిషి. డ్యూడ్నీ కేసు వెరల్‌కిచ్చిందీ అతనే.

"గొంతెలా ఉందండీ ఇప్పుడు? అయ్యో, ఎంత బాధపడ్డారో పాపం. విన్నారుగా, ఆ ముసలమ్మ కేసు పోయిందండీ. వాయిదా అడిగితే ఇవ్వలేదు. ఆఖరి నిమిషంలో వచ్చినవాడు కాగితాలైనా విప్పి చూడలేదు. మీరుంటేనా!" అని చంకలోంచి లావుపాటి కట్ట ఒకటి తీశాడు. "ఇది చూడండి. రైల్వే వాళ్ల మీద దావా. బుధవారం వస్తుంది. పెద్దవాళ్లు నలుగురు అడిగారు, మీకే ఉంచాను. ఆ డ్యూడ్నీ విషయంలో మీరు రాసిన ఉత్తరం చూసి మా ఆవిడ కన్నీళ్లు పెట్టుకుందనుకోండి. అంత జబ్బులో కూడా కక్షిదారు గురించే బెంగ పెట్టుకున్నారని."

వెరల్ కట్ట అందుకున్నాడు. ఏడేళ్లలో అంత బరువైన కట్ట అతని చేతికి రాలేదు. థాంక్స్ చెప్పాడు. చెప్తూ గొంతు సవరించుకున్నాడు, అలవాటైన రోగిలాగా. సిగ్గుండాలి మనిషికి!

మంగళవారం పది గంటలకి "సిద్ధమా?" అని జడ్జిగారడిగితే, "సిద్ధం మైలార్డ్" అన్నాడు.

నిజం చెప్పుకోవాలి, బాగా వాదించాడు. వార్న్‌బరీ కోర్టులో అంత బాగా వాదించగలడని అతని తల్లి కూడా అనుకుని ఉండదు. రైతు బోడిల్ ముందు వచ్చాడు. శీతాకాలం ఆటల్లేనప్పుడు తన పొలంలో కూలికొచ్చిన టాప్సెల్‌ని పనిలోంచి తీసేశాననీ, అప్పుడు సారా కొట్లో నలుగురి ముందూ "నీ వాము నీ కళ్లముందే తగలబడుతుంది చూసుకో" అన్నాడనీ చెప్పాడు. ఆ సంవత్సరం ఎంతమందిని పనిలోంచి తీసేశావు, అందులో ఎంతమంది నిన్ను తిట్టలేదు అని వెరల్ అడిగాడు. బోడిల్ నీళ్లు నమిలాడు. జూరీలో ఇద్దరు నవ్వారు. తర్వాత పాలపిల్ల వచ్చింది. కుడిభుజం వంగిన పొడుగాటి మనిషి కంచె దాటి పరిగెత్తడం చూశానంది. ఎంత దూరం, సూర్యుడు ఏ వైపున్నాడు, చేతిలో పాలకుండలెన్ని అని మెత్తమెత్తగా అడిగి, చివరికి ఆ పిల్లచేత "ఈయనే అని ఒట్టేసి చెప్పలేనండీ" అనిపించాడు.

బోనులో టాప్సెల్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. కమ్మీ మీద వేళ్లు మెల్లగా బంతి పట్టుకున్నట్టు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

అప్పుడు క్రేల్ లేచాడు. నిన్న నవ్వుతూ తల దించుకోమన్నవాడే. గౌను వెనక్కి నెట్టుకుని, అసలు తొందరే లేనట్టు జూరీ వైపు తిరిగాడు.

"అయ్యలారా, పాలపిల్ల సంగతి వదిలేయండి. ఒక్క మాట అడుగుతాను. మీలో ఎవరిమీదైనా ఇలాంటి నింద వస్తే మొదట ఏం చెప్తారు? నేనప్పుడు ఫలానా చోట ఉన్నాను బాబూ అని కదా? ఈ మనిషి పోలీసులకి చెప్పలేదు. మేజిస్ట్రేటుకి చెప్పలేదు. సరే, చదువులేనివాడు, భయపడ్డాడనుకుందాం. ఇవాళ ఇతనికి తెలివైన బారిస్టరున్నాడు. నా మిత్రుడు వెరల్‌గారు ఇంత సేపు మాట్లాడారు. ముద్దాయి ఆ సాయంత్రం ఎక్కడున్నాడో ఆయన ఒక్క మాటైనా అన్నారా? చెప్పడానికి ఏమైనా ఉంటే ఆయనలాంటి మనిషి చెప్పకుండా ఉంటాడా?"

పన్నెండు మొహాలు వెరల్ వైపు తిరిగాయి.

విగ్గు కింద చెమట కారి చెవి పక్కనుంచి మెడ పట్టీలోకి దిగుతోంది. ఇప్పటికైనా మించిపోలేదు. మైలార్డ్ అని, గౌను విప్పి, ఆరడుగులు నడిస్తే సాక్షి మెట్లు. ముందున్న బల్ల మీద రైల్వే వాళ్ల కట్ట ఉంది, పిల్బీమ్ వెనక బెంచీలో కూర్చుని ఆశగా చూస్తున్నాడు. వెరల్ లేచాడు. అనుమానం వేరు, రుజువు వేరు అన్నాడు. పేదవాడి మౌనం గురించి మాట్లాడాడు. మౌనానికి వెయ్యి కారణాలుండొచ్చన్నాడు, ఆ వెయ్యిలో ఒక్కటీ చెప్పలేదు. యాభై నిమిషాలు మాట్లాడాడు. గ్యాలరీలో ఆడవాళ్లు కొంగులు లేకపోబట్టి చేతిరుమాళ్లతో కళ్లొత్తుకున్నారు.

జూరీ లేచి బయటికైనా వెళ్లలేదు. కూర్చున్న చోటే తలలు దగ్గర పెట్టుకుని ఏడు నిమిషాల్లో తేల్చేశారు. నేరం చేశాడు.

"శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటారా, మిస్టర్ వెరల్?"

"ఇంతకుముందు ఏ మచ్చా లేని మనిషి, మైలార్డ్" అన్నాడు వెరల్. గొంతు నిజంగానే పోయింది ఈసారి.

ఏడేళ్లు కఠిన శిక్ష. టాప్సెల్ ఆ మాట వినగానే కమ్మీని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేశాడు. జవానులు రెక్క పట్టుకుంటే వెనక్కి తిరిగే ముందు వెరల్‌కేసి చూసి, నుదుటికి వేలు తాకించాడు. తన బంతిని ఎవరైనా బాగా కొడితే మైదానంలో అలాగే చేస్తాడు. ఆ చూపులో నింద ఉంటే బాగుండును అనుకున్నాడు వెరల్. లేదు.

బుధవారం పొద్దున ఎనిమిది గంటలకి వెరల్ జడ్జిగారి బస దగ్గర తలుపు తట్టాడు. రాత్రి ఎలా గడిచిందో అతని మొహమే చెప్తోంది. హాల్బర్ట్‌గారు విగ్గు లేకుండా, బట్టతలతో, మెడలో రుమాలు కట్టుకుని ఉడికించిన గుడ్డు పగలగొడుతున్నారు. విగ్గు లేకపోతే ఆయన ఎవరి తాతగారో అనిపిస్తారు.

"రావోయ్, రా. కాఫీ తాగుతావా? నిన్న బ్రహ్మాండంగా మాట్లాడావు. మీ నాన్నకి రాద్దామనుకుంటున్నాను."

"మైలార్డ్, టాప్సెల్ ఆ వాము తగలబెట్టలేదు. ఆ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా మైదానంలో నాకు బంతులు వేశాడు. నేను చూశాను. నేనే చెప్పొద్దన్నాను, అందుకే వాడు చెప్పలేదు." నిలబడే, ఊపిరి తిప్పుకోకుండా అన్నాడు. రాత్రంతా వల్లించుకున్న మాటలు. బయటికి రాగానే గుండెల మీంచి బండ దింపినట్టయింది.

జడ్జిగారు చెంచా కింద పెట్టారు. అతన్నే చూశారు. ఆ చూపులో వెరల్ ఎదురుచూసిన అసహ్యం లేదు. జాలి ఉంది.

"కూర్చో నాయనా. జూన్ పదమూడు అంటున్నావు. ఆ డ్యూడ్నీ కేసులో నీ ఉత్తరం కోర్టు ఫైల్లో ఉంది. మూడు రోజులుగా మంచం మీదే ఉన్నానని నీ చేత్తో రాశావు. పిల్బీమ్ నాకు చూపించాడు కూడాను."

"అది అబద్ధం, మైలార్డ్. ఇది నిజం."

"అలాగా. అయితే నువ్వు ఆటకోసం కక్షిదారుని వదిలేశావు. పైగా నీ కళ్లెదుట ఒక నిర్దోషి బోనులో నిలబడితే, నువ్వే సాక్షివై ఉండి, నీ పరువు కోసం నోరు మూసుకుని వాణ్ణి ఏడేళ్లకి పంపించావు. ఇదేనా నువ్వు చెప్పేది?"

"ఇదే."

"నేను నమ్మను" అన్నారు జడ్జిగారు నెమ్మదిగా. "నీ తాతని ఎరుగుదును. మీ నాన్నని ఎరుగుదును. నిన్ను నీ చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. నువ్వు చెప్పే ఆ మనిషి మన బారిస్టర్లలో ఉన్నాడంటే నేను నమ్మలేను. మొదటిసారి పెద్ద కేసు ఓడిపోతే ఇలాగే ఉంటుందోయ్. నాకూ ఉండేది. కక్షిదారు కోసం నీ మొహానికి నువ్వే మసి పూసుకుందామని వచ్చావు. నీ మనసుకి అది గొప్ప. కానీ చట్టానికి పనికిరాదు."

"మైలార్డ్, దేవుడి మీద ఒట్టు..."

"వెయ్యకు. ఒట్టు వేస్తే నేను దాన్ని పట్టించుకోవాల్సొస్తుంది. నీ ఉత్తరాన్ని బయటికి తియ్యాల్సొస్తుంది. హోం మంత్రికి అర్జీ పెట్టుకుంటానంటావా, పెట్టుకో. ఆయన నన్నే అడుగుతాడు. ఇప్పుడు నీతో అన్నదే ఆయనతోనూ అంటాను." ఆయన లేచి వచ్చి వెరల్ భుజం మీద చెయ్యి వేశారు. "వెళ్లు. పదింటికి రైల్వే దావా ఉందిగా. రేపు మ్యాచ్ కూడా ఉందట. ఆడు. ఆడితే మనసు కుదుటపడుతుంది."

వెరల్ మళ్లీ అన్నాడు, ఇంకా గట్టిగా అన్నాడు, చివరికి అరిచాడు. అరిచినకొద్దీ ఆయన చెయ్యి భుజాన్ని ఇంకా మెత్తగా తట్టింది. నౌకరు వచ్చి టోపీ అందించాడు.

సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా పాకింది. జడ్జిగారే భోజనాల బల్ల దగ్గర చెప్పారట, పేర్లు చెప్పకుండా, కానీ అందరికీ తెలిసేలాగా. పిల్బీమ్ రోడ్డు మీదే వెరల్ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మీరు బారిస్టరు కాదండీ, దేవుడు" అన్నాడు. "గినీ కేసుకి ఎవరు చేస్తారండీ అలా!" ఆటకోసమే ఆ ముసలమ్మని వదిలేశానని వెరల్ అతనితోనూ చెప్పాడు. పిల్బీమ్ కళ్లు తుడుచుకుని, "మీరు విశ్రాంతి తీసుకోండి బాబూ" అని వెళ్లిపోయాడు.

గురువారం వెరల్ బ్యాటు పట్టుకుని మైదానంలోకి దిగుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మామూలుగా వంద పరుగులు తీస్తే కొట్టేలాంటి చప్పట్లు, ఇంకా ఒక్క బంతి ఆడకముందే. మొదటి ఓవర్లోనే అవుటైపోవాలనుకున్నాడు. ఆఫ్ స్టంపు అవతల పడి లోపలికి తిరిగే బంతి వచ్చింది. వదిలేద్దామనుకున్నాడు. కాలు దానంతటదే ముందుకి జరిగింది, బ్యాటు దానంతటదే దిగింది. ఐదు గంటలపాటు టాప్సెల్ నేర్పిన అలవాటు. బంతి గడ్డి మీదుగా కంచె దాకా పోయింది. భోజన విరామానికి డెబ్బై ఒకటి కొట్టాడు. ఒక్క క్యాచ్ కూడా లేవలేదు. ఛీ, ఛీ అని తనలో తను తిట్టుకుంటూ ఆడాడు.

విరామంలో జెంటిల్మెన్ గదిలోకి వెళ్లలేక, పక్కదారిన తిరిగి జీతగాళ్ల గది వైపు వెళ్లాడు. ఆ తలుపు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నల్ల టోపీ, చేతిలో మూట. టాప్సెల్ భార్య కెజయా. మైదానంలో టీ సమయానికి కప్పులు కడగడానికి వచ్చేది, అలా ఎరుగును. మొగుడి సామాన్లు తీసుకెళ్లమంటే వచ్చింది. మూటలో తెల్లప్యాంట్లు, చలికి వేసుకునే ఊలు చొక్కా, మేకుల బూట్ల జత ఉన్నాయి. బూట్లకి అంటుకున్న మట్టిని వేలితో గీకుతోంది.

ఇతన్ని చూడగానే మోకాలు వంచి దండం పెట్టింది.

"మీ రుణం తీర్చుకోలేం అయ్యగారూ. అలాంటి మాటలు మా ఆయన కోసం మాట్లాడినవాళ్లు లేరు. నేను పైన కూర్చుని విన్నాను. సగం అర్థం కాలేదు గానీ ఏడుపు మాత్రం ఆగలేదు."

"కెజయా, నా మాట విను. అతను ఆ పని చెయ్యలేదు."

"మీరలాగే అంటారు లెండి." ఆమె బూటు తిరగేసి రెండోవైపు గీకడం మొదలుపెట్టింది. "ఆ రోజు రాత్రి తొమ్మిది దాటాక ఇంటికొచ్చాడు. ఎక్కడికెళ్లావయ్యా అన్నాను. పనుంది అన్నాడు. పట్టుకెళ్లాక జైలుకెళ్లి అడిగాను. పోలీసోళ్లకి చెప్పకపోతే పోయావు, కట్టుకున్నదాన్ని, నాకైనా చెప్పి చావు, నా మనసుకైనా నెమ్మదిగా ఉంటుంది అన్నాను. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పన్నెండేళ్ల కాపురంలో నా దగ్గర దాచింది లేదు అయ్యగారూ. ఇది దాచాడంటే ఇంకేం ఉంటుంది? అప్పుడే తెలిసిపోయింది నాకు, నిప్పు పెట్టింది ఈయనే అని. ఆ బోడిల్ మీద కోపం మరి. తాగి ఉన్నాడేమో."

వెరల్ ఆమె చేతిలోంచి బూట్లు లాక్కోబోయినంత పని చేశాడు. "ఇక్కడే ఉన్నాడు! అదిగో, ఆ చివర నెట్స్ దగ్గర. నాకు బంతులు వేస్తున్నాడు. నేనే ఒట్టేయించుకున్నాను ఎవరికీ చెప్పొద్దని. నీకు కూడా అందుకే చెప్పలేదు. వాడు నిన్నేం మోసం చెయ్యలేదు. నేను, నేను చేశాను, వింటున్నావా?"

ఆమె తలెత్తి చూసింది. అచ్చం జడ్జిగారి చూపే. అదే జాలి.

"జడ్జిగారి ఇంటికెళ్లి కూడా ఇదే చెప్పారటగా. మార్కెట్‌లో అందరూ చెప్పుకుంటున్నారు. అంత పెద్ద మనిషి ఒక బంతులేసేవాడి కోసం తన పేరు పాడు చేసుకుంటానన్నాడే అని." చేత్తో కళ్లు తుడుచుకుంది. మట్టి చెంపకి అంటింది. "మీది దొడ్డ మనసు బాబూ. కానీ నా దగ్గర కూడా ఎందుకండీ ఆ అబద్ధం? నాకు తెలిసిపోయింది. నేనేం కూలిపోను లెండి. ఆయన చేసింది చేశాడు, ఏడేళ్లు ఎలాగో ఈడుస్తాను."

"అబద్ధం కాదు కెజయా."

"అలాగే లెండి." ఆమె బూట్లని ప్యాంట్ల మధ్య పెట్టి, మూట నాలుగు కొసలూ ముడి వేసింది. లోపల అంపైర్లు బయల్దేరుతున్నట్టు గంట మోగింది. ఎవరో వెరల్‌ని పేరు పెట్టి పిలుస్తున్నారు. కెజయా మూట నడుముకి ఎత్తుకుని, రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఒక్క మేలు చేశారు అయ్యగారూ. నాకిద్దరు ఆడపిల్లలు. నాన్నేం చేశాడే అని బళ్లో అడుగుతున్నారట, ఏం చెప్పాలో తెలీక చస్తున్నాను. ఇకనుంచి మీరన్న మాటే చెప్తాను, ఆ సాయంత్రం నాన్న దొరగారికి బంతులేస్తున్నాడని. చిన్నపిల్లలు కదా, వాళ్లు నమ్ముతారు."